నాన్నగారి మీద స్మృతి సంచిక: ఇల్లూ దుకాణమూ రెండూ కనిపించేలా వేసుకోవడం

సొంతంగా వ్యాపారం నిలబెట్టి, ఇంటిల్లిపాదినీ చూసుకున్న పెద్దాయన పోయాక ఆయన మీద చిన్న పుస్తకం వేయాలనిపించడం సహజం. హైదరాబాద్‌లో అలాంటి పుస్తకాలు చాలానే వస్తుంటాయి. చిక్కేమిటంటే సగానికి సగం ఒకేలా ఉంటాయి. లోపలి అట్ట మీద దండ వేసిన ఫొటో, కింద "కష్టజీవి, నిరాడంబరులు, పరోపకారి". పేరు మార్చి పక్కింటి వాళ్ల నాన్నగారికీ పంచుకోవచ్చు. అలా కాకూడదంటే రాతకన్నా ముందు సేకరణకు ఎక్కువ రోజులు పెట్టుకోవాలి.

దశదిన కర్మకు పుస్తకం తేవాలని పరుగులు పెట్టకండి. ఇంట్లో ఎవరి మనసూ స్థిమితంగా ఉండదు, తేదీలు తప్పు పడతాయి, ఒకరిద్దరి పేర్లు ఎగిరిపోతాయి. ఆ రోజుకు ఒక ఏ4 కాగితం మధ్యకు మడిచిన కార్డు చాలు: ముందు ఫొటో, లోపల పదీ పన్నెండు వాక్యాలు, వెనక కుటుంబసభ్యుల పేర్లు. పుస్తకం సంవత్సరీకానికి పెట్టుకోండి. అది తిథి ప్రకారం వస్తుంది కాబట్టి ఇంగ్లిష్ తేదీకన్నా దాదాపు 11 రోజులు ముందు, మధ్యలో అధిక మాసం పడితే 19 రోజుల దాకా వెనక ఉంటుంది. పంతులుగారి చేత తేదీ రాయించుకుని, అంతకు మూడు వారాల ముందు ఫైలు ప్రెస్సుకు చేరేలా లెక్క వేసుకోండి.

ముందు ఒక లాంగ్‌బుక్

పేజీ మధ్యలో సంవత్సరం, ఎడమ పక్క ఇల్లు, కుడి పక్క దుకాణం. పెళ్లి, పిల్లల పుట్టుక, ఇల్లు మారడం ఎడమన. దుకాణం తెరవడం, భాగస్థుడు విడిపోవడం, గోడౌన్ తీసుకోవడం కుడిన. రెండు పక్కలా నిండిన సంవత్సరాల దగ్గర ఆగి చూడండి. కూతురి పెళ్లి జరిగిన ఏడాదే గోడౌన్ అమ్మారని తేలిందనుకోండి, ఆ మనిషి గురించి చెప్పాల్సింది అక్కడే ఉంది. ఏ విశేషణమూ అక్కర్లేదు.

తేదీల విషయంలో జ్ఞాపకాన్ని నమ్మకండి, కాగితాన్ని నమ్మండి. కాగితం మీద తేదీ లేకపోయినా అది ఏ కాలందో చాలాసార్లు చెప్పొచ్చు. పద్దు పుస్తకంలో అణాలు ఉంటే అది 1957 ఏప్రిల్ 1న నయా పైసలు రాకముందుదో, ఆ మార్పు జరుగుతున్న రోజులదో అయివుంటుంది. లెటర్‌హెడ్ మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కి ముందుది కాదు. అయితే "హైదరాబాద్-27" అన్నంత మాత్రాన అంతకన్నా పాతదనుకోవద్దు, ఆ తర్వాత కూడా చాలామంది అలా పొట్టిగానే రాసేవారు. విజిటింగ్ కార్డుల్లో ఆరంకెల ఫోన్ నంబరు ఉన్నది ఏడంకెల దానికన్నా పాతది, ఎనిమిదంకెలది ఆ రెండింటి తర్వాతది. బిల్లు బుక్కు మీద వ్యాట్ వాళ్లిచ్చిన పదకొండంకెల టిన్ (పన్ను నమోదు నంబరు) ఉంటే 2005 ఏప్రిల్ తర్వాతది. తెలంగాణ కోడ్ 36తో మొదలయ్యే పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటే 2017 జులై తర్వాతది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకా సులువు. ఇరవై ఒక్క అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు)లో రాష్ట్రాన్ని సూచించే రెండక్షరాల వెంటనే వచ్చే నాలుగంకెలే కంపెనీ నమోదైన సంవత్సరం.

"స్థాపితం" దగ్గరే ఎక్కువ తప్పులు పడతాయి. భాగస్వామ్య పత్రం మీద తేదీ ఒకటి, షట్టర్ ఎత్తి బోణీ చేసిన రోజు ఇంకొకటి. ఒక భాగస్థుడు పోయినా తప్పుకున్నా పత్రం మళ్లీ రాసుకుంటారు కనుక చేతికి దొరికిన పత్రం మొదటిది కాకపోవచ్చు. పుస్తకంలో బోణీ చేసిన రోజే వేయండి. అది తెలియకపోతే సంవత్సరం మాత్రం వేసి ఊరుకోండి.

పుట్టిన తేదీకీ ఇదే తంటా. బడిలో చేర్చేటప్పుడు పంతులు వేసిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పుకునేది వేరొకటి. "వికృతి నామ సంవత్సరం, కార్తీకం" అని మేనత్త చెబితే అది 1950 నవంబరు-డిసెంబరు. అరవయ్యేళ్ల చక్రం కాబట్టి అదే పేరు మళ్లీ 2010-11లో వచ్చింది. నిజాం కాలపు సర్టిఫికెట్ మీద ఫసలీ (అప్పటి సర్కారు వాడిన లెక్క) సంవత్సరం ఉంటే 590 కలపండి: 1357 ఫసలీ అంటే 1947-48. ఉర్దూలో ఉన్న కాగితాన్ని ఊహించి చదవకుండా, చదవగలిగిన పెద్దవారికి చూపించి రాయించుకోండి.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

కొడుకులూ కూతుళ్లూ చెప్పేది ఎటూ వస్తుంది. అసలు సమాచారం గుమస్తా దగ్గర, ట్రాలీ ఆటో డ్రైవర్ దగ్గర, ఎదురు దుకాణం సేట్ దగ్గర, ఎప్పటి నుంచో ఉద్దెర మీద సరుకు తీసుకున్న గిరాకీ దగ్గర ఉంటుంది. ఇంట్లో వాళ్లు చూడని, దుకాణంలో గడిపిన పదీ పన్నెండు గంటల మనిషిని వీళ్లు రోజూ చూశారు. బేగంబజార్‌లోనో రాణిగంజ్‌లోనో దుకాణమైతే పొద్దున గిరాకీ మొదలవ్వకముందే వెళ్లండి. మధ్యాహ్నం ఎవరూ మాట్లాడలేరు, సరుకు దించే గోలలో రికార్డింగూ పనికిరాదు.

అమ్మగారిని మొదటి నెలలో కూర్చోబెట్టి అడగొద్దు. తర్వాత కూడా ఒక్కసారికి ముప్పావు గంట మించకూడదు. ఫ్యాన్ కట్టేసి, ఫోన్‌ను మడిచిన తువ్వాలు మీద పెట్టండి. బల్ల మీద పెడితే గ్లాసు కదిపిన చప్పుడు కూడా మాటను మింగేస్తుంది. "నాన్నగారు ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడిలాంటి మనిషి" అన్న జవాబే వస్తుంది. చేతికి ఒక వస్తువు ఇవ్వండి: గల్లా తాళంచెవి, ఆయన కళ్లజోడు, పాత స్కూటర్ ఆర్సీ. "ఆదివారం దుకాణం కట్టేశాక ముందు ఏం చేసేవారు?", "రాత్రి ఇంటికొచ్చాక లెక్క ఎక్కడ కూర్చుని చూసేవారు?" అని అడగండి. అప్పుడు మాట కదులుతుంది.

రాత

ఊహకు ఒక ఉదాహరణ. రాణిగంజ్‌లో పంపుసెట్ల దుకాణం నడిపిన పెద్దాయన అనుకుందాం. "వ్యాపారంలో నిజాయితీకి మారుపేరు" అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు. "మోటారు కాలిందని ఎవరైనా తెస్తే ముందు మూత విప్పి వైండింగ్ చూసేవారు. లోపం సరుకుదైతే కొత్తది ఇచ్చేవారు. వోల్టేజీదైతే స్టార్టర్ పెట్టుకోమని చెప్పి పంపేవారు. అది తన దగ్గరే కొనాలని ఎన్నడూ అనలేదు" అని రాస్తే నిజాయితీ అనే మాట వాడకుండానే మనిషి కనిపిస్తాడు. ఇలాంటివి ఏడెనిమిది ఉంటే 16 పేజీలు నిండినట్టే.

అప్పులు, అన్నదమ్ముల పంపకాలు, కోర్టు వ్యవహారాలు వదిలేయండి. వ్యాపారం ఇకపై ఎవరు చూస్తారో కూడా ఇందులో ప్రకటించకండి, అది వేరే కాగితం మీద తేలాల్సిన విషయం. నష్టపోయిన సంవత్సరాన్ని మాత్రం దాచకండి. దాచితే తర్వాత కోలుకున్న తీరు చెప్పడానికి చోటే ఉండదు.

కుటుంబసభ్యుల పేర్ల పేజీ మీద జరిగినన్ని తగాదాలు మిగతా పుస్తకమంతటి మీదా జరగవు. కూతుళ్లు, అల్లుళ్లు, కొడుకులు, కోడళ్లు అందరినీ వయసు వరసలో ఒకే పద్ధతిలో వేయండి. ఒకరికి ఇంటిపేరు వేసి మరొకరికి పొడి అక్షరం వేయకండి. ఆ ఒక్క పేజీని ప్రతి ఇంటికీ విడిగా పంపి, వాళ్ల పేర్లు వాళ్ల చేతే సరిచూయించండి.

ఫొటోలు

జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి ఫొటోను గోరుతో లాగితే పై పొర చిరుగుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి ఫ్లాస్ దారాన్ని ఫొటో కిందకు దూర్చి రంపంలా మెల్లగా జరపండి. రాకపోతే పేజీ పళంగా స్కాన్ చేయించండి. పాస్‌పోర్టు సైజు ఫొటోలు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు)లో, మిగతావి 300లో. అచ్చులో 10 సెంటీమీటర్ల వెడల్పు రావాలంటే కనీసం 1,200 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. మసకబారిన ముఖాన్ని యాప్‌తో మెరుగుపరచొద్దు. అది కొత్త కళ్లు, కొత్త పెదవులు గీసిపెడుతుంది, అమ్మగారు చూడగానే "ఈయనెవరు?" అంటారు. గీతలు, మరకలు తీయించండి, అంతవరకే.

ప్రెస్సు దగ్గర

సైజు ఏ5. పిన్ను కుట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి: 12, 16, 20. పద్నాలుగు పేజీల మేటరు తెస్తే రెండు ఖాళీ పేజీలకూ డబ్బు కడతారు. ఫొటోలు ఎక్కువుంటే లోపల 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆర్ట్ పేపర్, రాత ఎక్కువుంటే మెరుపు లేని 90 జీఎస్ఎం మ్యాప్‌లిథో. మెరిసే కాగితం మీద సన్నటి తెలుగు అక్షరం పెద్దవాళ్ల కళ్లకు ఇబ్బంది, అక్షరం 13 పాయింట్లకు తగ్గనివ్వకండి. అట్ట 300 జీఎస్ఎం, మ్యాట్ ల్యామినేషన్. నూరు కాపీలకు డిజిటల్ ప్రింటు, అయిదు వందలకు ఆఫ్‌సెట్ గిట్టుబాటు. మధ్యలో ఉంటే చిక్కడపల్లి, నారాయణగూడ వైపు రెండు మూడు ప్రెస్సుల్లో రెండు రకాలకూ కొటేషన్ అడగండి.

తెలుగు అచ్చులో పెద్ద ప్రమాదం ఫాంట్ మార్పిడి. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేస్తారు. డీటీపీ ఆపరేటర్ దాన్ని యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మారుస్తాడు. ఆ మార్పులో ఒత్తులు జారిపోతాయి, "హైదరాబాద్‌లో" లాంటి మాటల్లో పొల్లు పోయి "ద్లో" అని అతుక్కుంటుంది, అంకెల చోట వేరే గుర్తులు పడతాయి. మార్చాక మొత్తం మళ్లీ చదవాల్సిందే, ముందు చదివాం కదా అనుకోకండి. ప్రూఫ్‌ను స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద తీయించి, ఇద్దరు చదవండి. ఒకరు ఇంటివారు, ఇంకొకరు ఆయన్ను ఎరగనివారు. పేర్లు, తేదీలు మొదటివారు పడతారు, అర్థంకాని వాక్యం రెండోవారు పడతారు.

పంపకం లెక్కలో దుకాణం వాళ్లను మరిచిపోకండి. పనివాళ్లకు, సరుకు ఇచ్చేవాళ్లకు, పాత గిరాకీలకు కలిపి బంధువుల సంఖ్యకు మరో సగం వేసుకుంటే సరిపోతుంది. పీడీఎఫ్‌తో పాటు ఎడిట్ చేయగల ఫైలు కూడా ప్రెస్సు నుంచి అడిగి తీసుకోండి. ఆడియోలను "న్యూ రికార్డింగ్ 14" అని వదిలేయకుండా మాట్లాడినవారి పేరు, వరస, తేదీతో పేర్లు మార్చి, రెండు వేర్వేరు ఇళ్లలో రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టుకోండి.