కాన్ఫిగ్ మార్చాక లినక్స్ కెర్నల్ బూట్ కావట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

అక్కర్లేదనిపించినవన్నీ కాన్ఫిగ్‌లోంచి (కెర్నల్‌లో ఏవేవి ఉండాలో చెప్పే ఆప్షన్ల ఫైల్) తీసేసి, కంపైల్ చేసి, రీబూట్ చేస్తే తెర మీద పానిక్, అంటే కెర్నల్ ఇక ముందుకు సాగలేక ఆగిపోవడం. ఇలాంటప్పుడు చాలామంది మళ్లీ మెనూకాన్ఫిగ్ (ఆప్షన్లు ఎంచుకునే మెనూ) తెరిచి చేతికందిన ఆప్షన్లన్నీ ఆన్ చేసేస్తారు. అదృష్టం బాగుంటే బూట్ అవుతుంది, కానీ ఏది తప్పిందో ఎప్పటికీ తెలియదు. కెర్నల్ ఎంత దూరం వచ్చి ఆగిందో తెలిస్తే వెతకాల్సిన ఆప్షన్లు నాలుగైదుకు తగ్గిపోతాయి.

పాత కెర్నల్‌ని మాత్రం తీసేయకండి. గ్రబ్ (ఏ కెర్నల్‌ను బూట్ చేయాలో అడిగే బూట్‌లోడర్) మెనూలో కొత్త ఎంట్రీ మీద ఉండి 'ఈ' నొక్కండి. 'లినక్స్' అని మొదలయ్యే వరుసలో క్వైట్, స్ప్లాష్ తీసేసి, చివర ఇగ్నోర్_లాగ్‌లెవెల్ చేర్చి కంట్రోల్-ఎక్స్ కొట్టండి. వచ్చే మెసేజ్‌లను ఫోన్‌తో వీడియో తీయండి. పానిక్ అయ్యాక పైకి జరిపి చూడటం కుదరదు, అసలు సంగతేమో పానిక్ వరుసకు పైనున్న పది పదిహేను వరుసల్లో ఉంటుంది.

లక్షణం: 'వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్'

అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. చివర బ్రాకెట్లో ఉండే రెండు అంకెలు చూడండి.

(0,0) అని ఉంటే, ఆ 'లినక్స్' వరుసలో రూట్= (రూట్ ఫైల్‌సిస్టమ్ ఎక్కడుందో చెప్పేది) దగ్గర మీరిచ్చిన పేరుకు సరిపోయే డిస్క్ కెర్నల్‌కు దొరకలేదు. పైన పార్టిషన్ల జాబితా ఉందో లేదో చూడండి. జాబితా ఖాళీగా ఉంటే డిస్క్ డ్రైవర్ లేనట్టే. డిస్క్ ఎన్‌వీఎంఈ రకమైతే కాన్ఫిగ్‌లో బీఎల్‌కే_డెవ్_ఎన్‌వీఎంఈ, సాటా అయితే సాటా_ఏహెచ్‌సీఐతో పాటు బీఎల్‌కే_డెవ్_ఎస్‌డీ, వర్చువల్ మెషీన్ అయితే వర్టియో_పీసీఐ, వర్టియో_బీఎల్‌కే కావాలి. ఏహెచ్‌సీఐ ఒక్కటి పెట్టి ఎస్‌డీ మరచిపోవడం మామూలే: కంట్రోలర్ కనిపిస్తుంది, డిస్క్ కనిపించదు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో బయోస్‌లో వీఎండీ (ఎన్‌వీఎంఈ డిస్క్‌లను తన వెనక ఉంచుకునే ఇంటెల్ కంట్రోలర్) ఆన్ చేసి ఉంటే, వీఎండీ ఆప్షన్ లేనిదే ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉన్నా డిస్క్ బయటపడదు.

జాబితాలో డిస్క్ ఉండి కూడా (0,0) వస్తే తప్పు రూట్= దగ్గరే ఉంటుంది. రూట్=యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) అన్నది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోని (అసలు రూట్ తెరవకముందు మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్) స్క్రిప్టులకు తెలిసిన భాష. కెర్నల్ ఒంటరిగా అర్థం చేసుకునేది పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య). కాబట్టి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారు చేయలేదేమో, చేసినా కెర్నల్ దాన్ని విప్పలేకపోయిందేమో చూడాలి. 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్‌ప్యాకింగ్ ఫెయిల్డ్' అనే వరుస ఉంటే రెండోదే. ఫైల్‌ను జెడ్‌ఎస్‌టీడీతో కుదించి, కాన్ఫిగ్‌లో ఆర్‌డీ_జెడ్‌ఎస్‌టీడీ తీసేస్తే ఇలాగే అవుతుంది. బీఎల్‌కే_డెవ్_ఇనిట్‌ఆర్‌డీ అసలు ఉందో లేదో కూడా ఓసారి చూసుకోండి.

(8,2), (259,2) లాంటివి వస్తే డిస్క్ దొరికింది, ఫైల్‌సిస్టమ్ దొరకలేదు. 8 అంటే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లతో కనిపించే డిస్క్ (ఎస్‌డీ కార్డు కాదు). ఎన్‌వీఎంఈ పార్టిషన్లు 259 కింద వస్తాయి. ఈఎక్స్‌టీ4_ఎఫ్ఎస్ (మీది బీటీఆర్‌ఎఫ్ఎస్ అయితే అది) 'ఎం' (అంటే డిస్క్‌లో విడి ఫైల్‌గా ఉండే మాడ్యూల్) అని పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేకుండా బూట్ చేస్తే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే: ఆ మాడ్యూల్ ఉన్నది ఏ డిస్క్‌లోనో, ఆ డిస్క్ తెరవడానికే ఆ మాడ్యూల్ కావాలి. రూట్‌కు చేరే దారిలో ఉన్నవన్నీ 'వై' (అంటే కెర్నల్‌లోనే కలిసిపోయేలా) చేయండి. సైజు కోసం వీటిని మాడ్యూల్ చేయడంలో పెద్ద లాభమేమీ లేదు.

లక్షణం: ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ షెల్‌లో పడుతోంది, రూట్ డిస్క్ లేదంటోంది

యూనేమ్ -ఆర్ కొట్టి, /లిబ్/మాడ్యూల్స్ కింద అచ్చంగా అదే పేరుతో డైరెక్టరీ ఉందో లేదో చూడండి. లోకల్‌వెర్షన్ (కెర్నల్ పేరు చివర చేరే తోక) మార్చి మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ మరచిపోతే ఉండదు. ఉంటే, ఆ వెర్షన్‌కే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్లీ తయారు చేయండి: డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, ఫెడోరాలో డ్రాకట్. మాడ్యూల్స్‌ను ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 తో ఇన్‌స్టాల్ చేయండి. లేకపోతే డీబగ్ సమాచారంతో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ బాగా ఉబ్బిపోయి /బూట్ నిండిపోవచ్చు.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే డీఎం_క్రిప్ట్, క్రిప్టో_ఎక్స్‌టీఎస్, క్రిప్టో_ఏఈఎస్ కావాలి. ఎల్‌వీఎం ఉంటే బీఎల్‌కే_డెవ్_డీఎం.

లక్షణం: తెర నల్లగా ఉంది, ఏమీ రావట్లేదు

ఇది ఆగిపోవడమా, కనిపించకపోవడమా అన్నది ముందు తేల్చాలి. డిస్క్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే, లేదా వేరే మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్ అందితే కెర్నల్ బాగానే నడుస్తోంది. పీఎస్/2 తరహా కీబోర్డులో క్యాప్స్ లాక్ లైటు దానంతటదే మినుకుమంటే పానిక్ అయిందని గుర్తు.

కెర్నల్ నడుస్తోంది గానీ కనిపించట్లేదంటే ఫ్రేమ్‌బఫర్_కన్సోల్, డీఆర్‌ఎం_ఎఫ్‌బీడెవ్_ఎమ్యులేషన్, యూఈఎఫ్ఐ మెషీన్ అయితే సిస్‌ఎఫ్‌బీ_సింపుల్‌ఎఫ్‌బీ, డీఆర్‌ఎం_సింపుల్‌డీఆర్‌ఎం చూడండి. అక్షరాలు వచ్చి, రిజల్యూషన్ మారే క్షణంలో తెర నల్లబడితే గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ అందలేదేమోనని అనుమానించాలి. ఏఎండీజీపీయూను (ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్) 'వై' చేస్తే రూట్ మౌంట్ కాకముందే అది ఫర్మ్‌వేర్ అడుగుతుంది. దాన్ని 'ఎం' చేయడమే తేలిక. 'వై' ఉండాల్సిందే అంటే ఎక్స్‌ట్రా_ఫర్మ్‌వేర్‌లో ఆ ఫైళ్ల పేర్లు రాయాలి.

లక్షణం: బూట్ దాదాపు పూర్తయి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతోంది

జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీలో 'కోడ్‌పేజ్ సీపీ437 నాట్ ఫౌండ్' అని ఉందా? /బూట్/ఈఎఫ్ఐ పార్టిషన్ వీఫ్యాట్. వీఫ్యాట్_ఎఫ్ఎస్ ఉంటే సరిపోదు, ఎన్ఎల్‌ఎస్_కోడ్‌పేజ్_437, సాధారణంగా దానితో పాటు ఎన్ఎల్‌ఎస్_ఐఎస్‌ఓ8859_1 కూడా కావాలి. 'మనకెందుకీ పాత భాషల పట్టికలు' అని వీటిని తీసేసేవాళ్లు బోలెడంతమంది. సిస్టమ్‌డీ (కెర్నల్ తర్వాత సర్వీసులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) మొదట్లోనే మొరాయిస్తే సీగ్రూప్స్, టెంప్‌ఎఫ్ఎస్, డెవ్‌టెంప్‌ఎఫ్ఎస్, ఎఫ్‌హ్యాండిల్ చూడండి.

ఆన్ చేసిన ఆప్షనే మాయమైతే

ఒక ఆప్షన్ 'వై' అని కాన్ఫిగ్ ఫైల్‌లో చేత్తో రాసి మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడిపితే, దాని డిపెండెన్సీలు లేకపోయినపుడు చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. కంపైల్‌కు ముందు స్క్రిప్ట్స్/డిఫ్‌కాన్ఫిగ్‌తో పాత, కొత్త ఫైళ్లు పోల్చండి. మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ నొక్కి పేరు వెతికితే దేనిమీద ఆధారపడుతుందో చూపిస్తుంది. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడేటప్పుడు ఇంకో మెలిక ఉంది. ఆ క్షణంలో లోడైన మాడ్యూళ్లనే అది ఉంచుతుంది. యూఎస్‌బీ డ్రైవ్, డాక్, ప్రింటర్ అన్నీ తగిలించి, వీపీఎన్ ఒకసారి నడిపి, ఆ తర్వాతే ఆ కమాండ్ కొట్టండి.

సరిచేసిన కెర్నల్‌ను పరీక్షించేటప్పుడు గ్రబ్_డిఫాల్ట్=సేవ్డ్ పెట్టి అప్‌డేట్-గ్రబ్ నడపండి. పాత కెర్నల్‌ను గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో నిలబెట్టి, కొత్తదాన్ని గ్రబ్-రీబూట్‌తో ఒక్కసారికి మాత్రమే ఎంచుకోండి. కెర్నల్ వరుసలో పానిక్=20 చేరిస్తే, పానిక్ అయిన 20 సెకన్లకు మెషీన్ తానే రీబూట్ అయి పాత కెర్నల్‌లోకి వచ్చేస్తుంది. పానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోతే మాత్రం పవర్ బటన్ మీరే నొక్కాలి.