నోరు తిరగని రసాయనాల పేర్లు – పాఠం 3: తోక నుంచి తలకి

పోయిన పాఠంలో మిథైల్, ఫినైల్, క్లోరో లాంటి చిన్న ముక్కలు పలికాం కదా, ఇవాళ వాటితో కట్టిన రైలుబండి ఎక్కుదాం: డైక్లోరోడైఫినైల్‌ట్రైక్లోరోఈథేన్. టెన్షన్ వద్దు, ఇది దోమల మందుగా పేరుపడ్డ డీడీటీయే.

చాలామంది మొదటి అక్షరం నుంచే దూకుతారు. 'డైక్లోరోడై' దాకా బాగానే వెళ్లి, అక్కడ నాలుక మడతపడి, మిగతాది గొణిగేస్తారు (నేనూ అదే బాపతు). అందుకే ముందు కత్తెర. అంకె కనబడిన ప్రతిచోటా సరిగ్గా దాని ముందు కోయండి, చివర్న ఉన్న అసలు పేరుని (ఇక్కడ ఈథేన్) కూడా విడిగా కోయండి. డై అంటే రెండు, ట్రై మూడు, టెట్రా నాలుగు. అంకె తన తర్వాతి ముక్కని వదలదు, మన ద్విగు సమాసంలాగే.

డైక్లోరో / డైఫినైల్ / ట్రైక్లోరో / ఈథేన్

ఇప్పుడు తోక నుంచి రండి. ఈథేన్. ట్రైక్లోరోఈథేన్. డైఫినైల్‌ట్రైక్లోరోఈథేన్. ఆఖరికి మొత్తం. ఒక్కోటీ మూడుసార్లు, పైకే చదవండి, మనసులో చదివితే లాభం లేదు. ఇలా చేస్తే కొత్త ముక్క ఎప్పుడూ ముందే వస్తుంది, దాని తర్వాత వచ్చేదంతా అప్పటికే నోటికి అలవాటైనదే.

పనిలో పనిగా లెక్క కూడా చూడండి. క్లోరిన్లు 2, ఇంకో 3, మొత్తం 5. ఒక్కో ఫినైల్‌లో 6 కార్బన్లు, రెండింటికి 12, ఈథేన్‌వి 2, వెరసి 14. ఫార్ములాలో ఉన్నవీ అన్నే.

అసిటోనైట్రైల్ దగ్గర మాత్రం మోసపోకండి. అందులో 'ట్రై' వినిపిస్తుంది గానీ అది మూడు కాదు, నైట్రైల్ మొత్తం ఒకే ముక్క. ట్రై దగ్గర కోస్తే చివర ఉత్త 'ల్' మిగులుతుంది, అలాంటి ముక్కే లేదు.

ఇంకోటి, సంధి. షాంపూ లేబుళ్ల మీద కనిపించే ఈడీటీఏ అసలు పేరు ఇథిలీన్‌డైఅమీన్‌టెట్రాఅసిటిక్ ఆసిడ్. సవర్ణదీర్ఘం వంటబట్టిన మనం చటుక్కున 'టెట్రాసిటిక్' అనేస్తాం. వద్దు, టెట్రా అని కాస్త ఆగి, అసిటిక్ అనండి. ఆక్సైడ్ విషయంలో అయితే ఈ పేర్లు పెట్టినవాళ్లూ సంధి చేశారు: మోనో, ఆక్సైడ్ కలిసి మోనాక్సైడ్, పెంటా కలిస్తే పెంటాక్సైడ్.

ఇంటిపని: పాలిటెట్రాఫ్లోరోఇథిలీన్, నాన్‌స్టిక్ పెనాల మీద పూత. ఎన్ని ముక్కలో రాసుకోండి, 'పాలి' అంటే 'చాలా' అని గుర్తుపెట్టుకుని. వచ్చే పాఠంలో మధ్యలో అంకెలూ గీతలూ ఉండే పేర్ల సంగతి.