పరాన్నజీవి ఏలియన్ రాక్షసిని డిజైన్ చేయడం ఎలా?

కథకో, షార్ట్ ఫిల్మ్‌కో ఏలియన్ కావాలనగానే చాలామంది కోరలు, గోళ్లు గీయడం మొదలుపెడతారు. బొమ్మ తర్వాత, ముందు అది ఎలా పుడుతుందో తేల్చుకోండి.

1. జీవితచక్రం రాసుకోండి. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన 'ఏలియన్'లో గుడ్డు నుంచి ఒక జీవి ఎగిరి మనిషి ముఖాన్ని పట్టేస్తుంది. లోపల పిండాన్ని పెట్టగానే దాని పని అయిపోతుంది, చచ్చిపోతుంది. ఆ పిండమే ఛాతీ చీల్చుకుని వస్తుంది. ఒక్కో దశకు ఒక్కటే పని ఉండటం వల్లే ఆ జీవిని నమ్ముతాం.

2. నిజమైన పురుగును ఆధారంగా తీసుకోండి. పేను మనల్ని చంపదు, దానికి మనం బతికుండాలి. బదనికలు, అంటే వేరే పురుగుల్లోనో వాటి గుడ్లలోనో గుడ్లు పెట్టే కీటకాలు, అలా కాదు, ఆశ్రయమిచ్చిన ప్రాణిని చంపితీరతాయి. చెరకు, వరి పొలాల్లో పురుగును అరికట్టడానికి మన రైతులు కట్టే ట్రైకోకార్డులనే అట్టముక్కల్లో ఉండేది అలాంటిదే. ట్రైకోగ్రామా అనే ఆ బుల్లి కందిరీగ మిల్లీమీటరు కూడా ఉండదు. కాండం తొలిచే పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. కొద్ది రోజులకు ఆ గుడ్డు నల్లబడుతుంది. చివరికి పెంకుకు చిన్న రంధ్రం పడి, పురుగుకు బదులు బదనిక బయటికొస్తుంది. భూతద్దంతో ఒకసారి చూడండి, మీకు సగం కథ దొరికినట్టే.

3. శరీరం దాన్ని ఎందుకు తిప్పికొట్టడం లేదు? కొన్ని కందిరీగలు గుడ్లతో పాటు వైరస్‌ను కూడా ఎక్కించి గొంగళిపురుగు ఇమ్యూనిటీని అణచేస్తాయి. మీ జీవికీ ఇలాంటి జవాబు ఉండాలి. అలాగే అది ఏం తిని పెరుగుతుందో చూపించండి. 'ఏలియన్'లో ఛాతీలోంచి వచ్చిన పిల్ల చూస్తుండగానే మనిషిని మించిపోతుంది, తిండి మాత్రం కనిపించదు. అంత గొప్ప డిజైన్‌లో నాకు లోటుగా అనిపించేది అదొక్కటే.

4. కాల్చి చంపలేకపోవడానికి కారణం పెట్టండి. ఆ సినిమాకు డిజైనర్ రాన్ కాబ్ ఇచ్చిన ఐడియా యాసిడ్ రక్తం. గాయపరిస్తే రక్తం వాళ్లున్న అంతరిక్ష ఓడ నేలను తినేస్తుంది, అందరూ పోతారు. తుపాకీ ఉన్నా టెన్షన్ తగ్గదు.

5. ఇప్పుడు రూపం గీయండి. 'ఏలియన్' కోసం స్విస్ చిత్రకారుడు గీగర్ గీసిన రాక్షసికి కళ్లు కనిపించవు, ఎటు చూస్తోందో తెలియదు. ఆ రాక్షసి సూట్ వేసుకున్న బొలాజీ బడేజో చాలా పొడవు, సన్నం. అందుకే లోపల మనిషి ఉన్నాడనిపించదు.

6. ఖర్చుకు భయపడకండి. ముఖాన్ని పట్టే జీవిని కోసి చూసే సీన్‌లో వాడినవి ఆల్చిప్పల మాంసం, గొర్రె కిడ్నీ. తడి మెరుపు కావాలంటే తాజావే తెచ్చుకోండి, లైట్ల వేడికి వాసన రాకముందే షాట్ ముగించండి.