ఆసా, డుపోండియసా? తల చూసి చెప్పేయొచ్చు
పాత రోమన్ నాణేల్లో ఆస్, డుపోండియస్ దాదాపు ఒకే సైజులో ఉండి తికమక పెడతాయి. కొత్తలో ఆస్ రాగితో ఎర్రగా, డుపోండియస్ ఇత్తడితో పచ్చగా మెరిసేవి. ఇన్ని వందల ఏళ్ల చిలుము పట్టాక ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? అందుకే రంగు వదిలేసి చక్రవర్తి తల చూడండి. సూర్యకిరణాల్లా మొనలు తేలిన కిరీటం ఉంటే డుపోండియస్, అంటే రెండు ఆస్‌ల విలువ. ఆకుల దండో, ఉత్త తలో ఉంటే చాలావరకు ఆస్. ఈ పద్ధతి నీరో చక్రవర్తి కాలంలో (క్రీ.శ. 54–68) మొదలైంది కాబట్టి అంతకుముందు వాటికి పనికిరాదు, రాణుల బొమ్మలున్న వాటికీ అంతే. అసలు రంగు చూద్దామని మాత్రం దయచేసి చింతపండు పెట్టి తోమకండి. ఆ చిలుము పొరతో పాటు బొమ్మ గీతలూ లేచిపోతాయి.