పళ్లొచ్చే బిడ్డ రాత్రి నిద్రపోకపోతే: ఏ ఏడుపుకు ఏం చేయాలి

కడప చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఆరేడు నెలల బిడ్డ రాత్రిపూట ఏడిస్తే జేజి (నాయనమ్మ) నోట మొదట వచ్చే మాట ఒకటే: "పండ్లొస్తాండాయి లేమ్మా, ఓర్చుకో." చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ ఆ వయసులో వచ్చే జ్వరం, బేదులు, చెవినొప్పి, ఉక్కపోత అన్నీ ఆ ఒక్క మాట కిందే మరుగున పడిపోతుంటాయి. పంటినొప్పికి చేయాల్సింది కొంచెమే, అది ఇంట్లోనే అయిపోతుంది. వేరే జబ్బును పంటినొప్పి అనుకుని రెండు రోజులు ఊరుకుంటేనే బిడ్డకు కష్టం.

మొదటి పన్ను సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో కింది చిగురు మధ్యలో వస్తుంది. కొందరికి నాలుగో నెలకే కనిపిస్తుంది, కొందరికి ఏడాది నిండాలి. ఒక్కో పన్ను పెట్టే ఇబ్బంది అది పైకి రావడానికి మూడు నాలుగు రోజుల ముందు మొదలై, వచ్చిన తర్వాత మరో రెండు మూడు రోజులకు తగ్గిపోతుంది. నెలంతా ప్రతి రాత్రీ ఏడుస్తుంటే పంటిని దాటి వేరే కారణం వెతకాలి.

పగలు బాగానే ఆడుకుంటాడు, పడుకోబెడితే ఏడుపు. చొంగ కారుతోంది, చేతికి దొరికిందల్లా కొరుకుతున్నాడు

ఇది అసలైన పంటి ఏడుపు. చేయి శుభ్రంగా కడుక్కుని చిగురు తడిమి చూడండి. ఒకచోట ఉబ్బి, ఎర్రగా, గట్టిగా తగులుతుంది. పగలు ఇంట్లో మనుషులు, ఆటలు ఉంటాయి కాబట్టి బిడ్డ ధ్యాస మళ్లుతుంది. రాత్రి చీకట్లో ఆ సలుపు ఒక్కటే మిగులుతుంది.

పడుకోబెట్టే ముందు రెండు నిమిషాలు వేలితో చిగురును మెల్లగా నొక్కుతూ రుద్దండి. చాలామంది పిల్లలకు ఇంతకంటే అక్కర్లేదు. ఇంకా కావాలంటే చల్లదనం పనిచేస్తుంది. ఉతికిన మెత్తటి నూలుగుడ్డను కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, పిండి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, మీరు దగ్గరుండి కొరకనివ్వండి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించిన వస్తువు వద్దు, చిగురు దెబ్బతింటుంది. ఫ్రిజ్ లేకపోయినా, కరెంటు పోయినా టెన్షన్ పడక్కర్లేదు. కడిగిన స్టీలు చెంచాను మూతున్న చిన్న డబ్బాలో వేసి, మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో గుచ్చి ఉంచండి. చెంచా వెనుకవైపుతో చిగురు మీద అద్దితే సరిపోతుంది. బిడ్డ కొరకడానికిచ్చే టీతర్ బొమ్మ కొనేట్టయితే లోపల నీళ్లు ఉన్నది కాకుండా గట్టి రబ్బరుది తీసుకోండి.

కొరకడానికని క్యారెట్ ముక్క, బొరుగులు, శెనక్కాయ గింజలు చేతికివ్వొద్దు. గొంతులో ఇరుక్కుంటాయి. మన ఇళ్లలో బొరుగులు, శెనక్కాయలు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి కాబట్టి ఈ మాట ఇంట్లో పెద్ద పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. మెడలో నల్లపూసలు, తాయెత్తు దారం ఉంటే రాత్రి తీసేయండి.

రుద్దినా, చల్లటి గుడ్డ ఇచ్చినా ఊరుకోవడం లేదు

అలాంటి రాత్రి పారాసిటమాల్ వేయొచ్చు. బిడ్డకు మూడు నెలలు నిండి ఉండాలి, మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పి ఉండాలి. మామూలుగా కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు తేడా ఉండాలి. ఒక రోజులో నాలుగుసార్లు దాటకూడదు.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. మెడికల్ షాపులో ఒకే మందు మూడు నాలుగు రకాల గాఢతలో దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయితే 5 మిల్లీలీటర్లకు 125 ఉండొచ్చు, 250 ఉండొచ్చు. ఎనిమిది కిలోల బిడ్డకు 125 సిరప్ 5 మిల్లీలీటర్ల లోపే సరిపోతుంది. అదే 5 మిల్లీలీటర్లు చుక్కల సీసాలోంచి పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు. కాలేయానికి అది ప్రమాదం. పక్కింట్లో ఎన్ని మిల్లీలీటర్లు వేశారని అడిగి వేయొద్దు. మీ సీసా మీద రాసినది చదవండి, మూతతో కాకుండా దానితో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవండి. వరుసగా రెండు రాత్రులకు మించి మందు అవసరమైతే డాక్టరుకు చూపించాలి.

చిగుళ్లకు రాసే మత్తు జెల్‌లు వద్దు. బెంజోకైన్ ఉన్న జెల్‌లను రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో గట్టిగా చెప్పింది. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి పెదాలు నీలంగా మారే ప్రమాదం ఉంది. లిగ్నోకైన్ అనే మరో మత్తుమందు మీద కూడా 2014లోనే అలాంటి హెచ్చరిక ఇచ్చింది. ఎలాగూ చొంగతో పాటు ఆ జెల్ పది నిమిషాల్లో కారిపోతుంది. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు, బోటులిజం అనే జబ్బు రావొచ్చు. చిగురుకు బ్రాందీ చుక్క రుద్దమని చెప్పేవాళ్లున్నారు, ఎవరు చెప్పినా వినొద్దు.

నిద్ర పడుతుందని జలుబు సిరప్ పోసే అలవాటు కూడా కొన్ని ఇళ్లలో ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన అలాంటి మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసాల మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు.

ఒళ్లు కాలుతోంది

థర్మామీటర్ పెట్టి చూడండి. పళ్లొచ్చేటప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు, అంతే. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ వచ్చిందంటే అది జ్వరం, దానికి వేరే కారణం ఉంది. మూడు నెలల లోపు బిడ్డకు ఆ జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగొద్దు. పెద్ద బిడ్డయినా పాలు తాగకుండా మగతగా పడి ఉంటే, ఆయాసపడుతుంటే, ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి.

బేదులవుతున్నాయి, అందరూ "పండ్ల బేదులు" అంటున్నారు

ఈ నమ్మకమే మన దగ్గర ఎక్కువ నష్టం చేస్తుంది. పన్నుకూ బేదులకూ సంబంధం లేదు. ఆరో నెలలోనే బిడ్డ పాకడం మొదలుపెడుతుంది, కింద దొరికింది నోట్లో పెట్టుకుంటుంది, తల్లి కడుపులోంచి తెచ్చుకున్న రక్షణ తగ్గుతుంది, కొత్త తిండి మొదలవుతుంది. పళ్లూ అప్పుడే వస్తాయి కాబట్టి నింద వాటి మీద పడుతుంది.

పాలు మానిపించొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలో, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో, మొత్తం ఒకేసారి కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కలిపిన నీళ్లు 24 గంటల తర్వాత పారబోయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, లోపు బిడ్డకు 10, బేదులు ఆగినా 14 రోజులు వేయాలి. ఓఆర్ఎస్, జింక్ రెండూ ఆశా కార్యకర్త దగ్గర అడిగితే దొరుకుతాయి. కళ్లు లోపలికి పోయినా, మాడు గుంటపడినా, ఆరు గంటలు దాటినా ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి పోవాలి. రాత్రయినా సరే కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో అత్యవసర విభాగం తెరిచే ఉంటుంది.

పడుకోబెట్టగానే గట్టిగా ఏడ్చి, ఎత్తుకుంటే తగ్గుతోంది. చెవి లాక్కుంటోంది

పళ్లొచ్చేటప్పుడు కూడా పిల్లలు చెవి పట్టుకుంటారు. కానీ నాలుగు రోజుల కిందట జలుబు చేసి, ఇప్పుడు జ్వరం కూడా ఉంటే చెవిలో ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. డాక్టరు లైటు వేసి చెవి లోపల చూడాలి. వెచ్చటి నూనె పోయొద్దు.

జ్వరం లేదు, చిగురు మామూలుగానే ఉంది, అయినా గంటకోసారి లేస్తోంది

ఏప్రిల్, మే నెలల్లో అయితే ముందు గదిని చూడండి. మన బండల మిద్దెలు పగలంతా ఎండకు కాగి, అర్ధరాత్రి దాకా ఆ వేడి కిందికి వదులుతాయి. పెద్దవాళ్లకే నిద్ర పట్టని ఉక్కలో, చెమటకాయలు గీరుకుంటూ బిడ్డ ఎలా పడుకుంటుంది? సాయంత్రం మామూలు నీళ్లతో ఒళ్లు తుడిచి, పల్చటి నూలు జుబ్బా వేయండి. పౌడరు వద్దు, ఊపిరితో పాటు లోపలికి పోతుంది. వరండాలో గానీ మిద్దె మీద గానీ పడుకోబెడితే దోమతెర తప్పనిసరి. ఆరు నెలలు నిండని బిడ్డకు ఎంత ఎండైనా నీళ్లు పట్టక్కర్లేదు, తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వాలి. చీర ఉయ్యాలలో నిద్ర పుచ్చినా, నిద్ర పట్టాక గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దిండ్లు, బొంతలు పక్కన ఉండొద్దు.

రొమ్ము పట్టి వెంటనే వదిలేసి ఏడుస్తోంది, లేదా కొరుకుతోంది

చీకేటప్పుడు వాచిన చిగురు సలుపుతుంది. పాలిచ్చే ముందు చిగురు రుద్దండి. కొరికితే లాగొద్దు, మీకే పుండు పడుతుంది. చిటికెనవేలు బిడ్డ నోటి మూల నుంచి పెట్టి విడిపించండి.

గడ్డం, మెడ ఎర్రగా కమిలింది

చొంగ ఆరకపోవడం వల్ల. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి. పడుకోబెట్టే ముందు పెట్రోలియం జెల్లీ పల్చగా రాస్తే రాత్రి మంట ఉండదు.

పన్ను వచ్చేసింది, వారం దాటింది, అయినా రాత్రి లేచి ఎత్తుకోమంటోంది

ఇప్పుడు నొప్పి లేదు, అలవాటు ఉంది. ఏడుపు వినగానే ఎత్తుకుని ఊపడం, ప్రతిసారీ పాలివ్వడం ఆ వారం రోజులు అవసరమే. బిడ్డ అదే నిద్రకు దారి అనుకుంది. ఎనిమిది, తొమ్మిది నెలల్లో తల్లి కనపడకపోతే బెంగపడే వయసు కూడా తోడవుతుంది. రోజూ ఒకే వేళకు తుడవడం, పాలు, దీపం తగ్గించడం, జోల, పడక అన్న వరుస పాటించండి. రాత్రి లేస్తే వెంటనే ఎత్తకుండా పక్కనే ఉండి వీపు తట్టండి, మాట వినిపించండి. ఇది ఒక్క రాత్రితో కుదరదు, ఇంట్లో అందరూ ఒకే తీరుగా చేస్తేనే కుదురుతుంది. జేజి ఒకలా, అమ్మ ఒకలా చేస్తే బిడ్డ తికమక పడుతుంది. కాబట్టి పగలే కూర్చుని మాట్లాడుకోండి.

దవడ పళ్లు 13 నుంచి 19 నెలల మధ్య వస్తాయి, వెడల్పుగా ఉంటాయి కాబట్టి అప్పుడు మళ్లీ కొన్ని రాత్రులు చెడతాయి. చివరి దవడ పళ్లు రెండేళ్లు దాటాక వచ్చి, దాదాపు మూడేళ్లలోపు ఇరవై పాలపళ్లూ పూర్తవుతాయి. అప్పుడు కూడా చిగురు రుద్దడం, చల్లటి గుడ్డ, బరువుకు తగ్గ మందు ఇవే. థర్మామీటర్ కూడా చేతికందేచోటే ఉంచుకోండి.