డెల్టాలో 400 కేవీ విద్యుత్ లైన్: సామాను చేలోకి చేర్చే ముందు చూసుకోవాల్సినవి

మ్యాపులో గీత గీయడం తేలికే. గోదావరి డెల్టాలో ఆ గీత మీదికి లారీ వెళ్లడమే కష్టం.

• ప్రతి టవర్ చోటికీ పుంత దారి ఎక్కడిదాకా ఉందో నడిచి చూడండి. ఎండాకాలంలో ఒకసారి, వాన పడ్డాక ఇంకోసారి. నల్లరేగడి తడిస్తే ట్రాక్టర్ కూడా దిగబడుతుంది.

• కిలోమీటరు మూస్ కండక్టర్ (ఈ లైన్‌కు వాడే లావుపాటి అల్యూమినియం-ఉక్కు తీగ) బరువే సుమారు 2 టన్నులు. డ్రమ్ముకు అలాంటివి ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు చుట్టి ఉంటాయి. దాన్ని మోసే ట్రైలర్, దించే క్రేన్ బరువు కూడా కలిపి, పంట కాలువ మీది పాత వంతెన తట్టుకుంటుందా అని నీటిపారుదల శాఖను అడగండి. "రోజూ వడ్ల లారీలు పోతున్నాయి కదండీ" అనే మాట నమ్మకండి.

• మలుపుల్లో ట్రైలర్ తిరుగుతుందా? దారికి అడ్డంగా వేలాడే 11 కేవీ తీగల ఎత్తు కొలిచారా?

• దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యాక, జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేలోపు బరువు పనులు ముగించండి. ఈ గడువు తప్పితే మళ్లీ సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు మొదలై చేలోకి దారి ఉండదు.

• నష్టపరిహారం లెక్క టవర్ కాళ్ల చోటుతో ఆపకండి. లారీ తొక్కిన గట్టు, పాడైన బోదె (పొలం పిల్లకాలువ), నలిగిన పైరు కూడా రాయండి. కౌలు రైతు ఉంటే ఆయన్నీ పిలవండి. గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

• రైల్వే, జాతీయ రహదారి దాటే చోట్ల అనుమతి కోసం ముందుగానే దరఖాస్తు పెట్టుకోండి.

• లారీలు దాటడానికి బోదెల మీద వేసిన తాత్కాలిక తూములు తీసేసే ముందు, రేపు ఇన్సులేటర్ మార్చడానికి సిబ్బంది ఏ దారిన వస్తారో తేల్చుకోండి.