బ్యాట్ చీలిందా? ముందు తట్టి వినండి

ఆర్‌కే బీచ్‌లో తడి ఇసుక మీద ఆడే తమ్ముళ్లకి ఓ మాట. గీత కనపడగానే కొత్త బ్యాట్‌కి డబ్బులు పోగెయ్యకండి. పాత లెదర్ బంతితో మధ్యలో తట్టండి. 'టక్' మని బంతి ఎగిరితే చెక్క బాగున్నట్టే. 'డబ్' మని బోలుగా మోగితే లోపల చీలికేమో అనుమానించాలి.

ముందువైపు వెంట్రుకవాసి గీతలు మామూలే. చెక్క జిగురు పట్టించి ఫైబర్ టేప్ చుడితే చాలు. చీలిక ముందు నుంచి వెనక్కి దిగిపోతే మాత్రం వదిలెయ్యండి. హ్యాండిల్ విరిగితే కొత్తది వేయించొచ్చు, ఖరీదైన ఇంగ్లిష్ విల్లో చెక్క బ్యాట్‌కైతే అదే లాభం. చవకైన కాశ్మీర్ విల్లో బ్యాట్‌కి ఆ ఖర్చు పెట్టేముందు కొత్త బ్యాట్ ధర కూడా అడగండి.

నాది అడుగున పోయింది. తడి పీల్చి ఉబ్బింది, గోరుతో గీకితే పీచు ఊడొచ్చింది. నీడలో నిదానంగా ఆరబెట్టాల్సింది పోయి, తొందరపడి మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండలో పెట్టా. ఇంకో రెండు చీలికలు బోనస్! ఇప్పుడు కొత్తదానికి ఆడకముందే అడుగున అవిసె నూనె పల్చగా రాస్తున్నా, హ్యాండిల్ అతుక్కి మాత్రం తగలనివ్వను.